జవాబు రాని రెండొందల పద్నాలుగు మంది

జోర్నిత్సా త్సోకోవాకి ఇరవై మూడేళ్ళప్పుడు పెళ్ళి దాదాపు కుదిరింది. అబ్బాయి రాజధాని సోఫియాలో రేడియో ఇంజనీరు. ఒక ఆదివారం వాళ్ళింటికి తీసుకెళ్ళాడు. వాళ్ళమ్మ కాఫీ కలుపుతూ, మాటవరసకి అడిగినట్టు అడిగింది.

"ఇంతకీ మీదే ఊరమ్మా?"

"వ్రాత్సా దగ్గరండీ. గోర్ని లుగ్."

ఆవిడ చేతిలో చెంచా ఆగింది. "ఆ వాగు పక్క ఊళ్ళలో ఒకటా? మీ నాన్నగారు ఉన్నారా?"

"లేరండీ. నా పదిహేనో ఏట పోయారు."

"ఏం జబ్బు?"

గుండెపోటు అనేస్తే సరిపోయేది. ఆ అబద్ధానికి జోర్నిత్సాకి నోరు రాలేదు. "కిడ్నీలండీ," అంది.

"అయ్యో పాపం," అని ఆవిడ కాఫీ ఇచ్చింది, పక్కన రెండు వాల్‌నట్ బిస్కట్లు కూడా పెట్టింది. మర్యాదలో ఏ లోటూ లేదు. ఆ మరుసటి వారం అబ్బాయి ఫోన్ చెయ్యలేదు. ఆ పై వారం కూడా చెయ్యలేదు. ఇలా జరుగుతుందని ఆమెకి ముందే తెలుసు. అందుకే పెద్దగా ఏడవలేదు. తన ఊరి ఆడపిల్లలు జిల్లా పట్నం వ్రాత్సా దాటితే ఊరి పేరు మార్చి చెప్పుకుంటారు. ఆమె చెప్పుకోలేదు, అంతే.

గోర్ని లుగ్‌లో ఆ జబ్బుకి పేరు లేదు. "అది" అనేవాళ్ళు. "నికోలా ఇంట్లోకి అది వచ్చిందట," అంటే ఊరంతటికీ అర్థమయ్యేది. జ్వరం ఉండదు, వాపు ఉండదు, నొప్పి కూడా ఉండదు. నలభై దగ్గరపడ్డ మనిషి మెల్లమెల్లగా చిక్కిపోతాడు. ఒళ్ళు మట్టి రంగుకి తిరుగుతుంది. అరిచేతులు మాత్రం తోమని రాగి చెంబులా పసుపు, ఎరుపు కలిసిన రంగు తేలతాయి. ఆ రంగు కనపడ్డాక ఊళ్ళో ఎవరూ ఇంకేమీ అడగరు. వాళ్ళ నాన్న నైడెన్‌కి చివరి రోజుల్లో నోటికి ఏ రుచీ తెలిసేది కాదు. పచ్చి ఉల్లిపాయ కొరికి, "ఇది ఉల్లిపాయేనా?" అని పెళ్ళాన్ని అడిగేవాడు. ఆయన పోయిన ఏడాది వాళ్ళ వీధిలో ఎనిమిది గేట్లకి చావు కాగితాలు అంటించి ఉన్నాయి. ఫొటో, పేరు, వయసు, కింద ఇంటివాళ్ళ పేర్లు. విచిత్రమేమిటంటే మూడిళ్ళలో చావులు, పక్కన రెండిళ్ళు క్షేమం, ఆపైన మళ్ళీ ఐదిళ్ళలో చావులు. స్కూలుకి వెళ్ళే దారిలో జోర్నిత్సా ఆ గేట్లు లెక్కపెట్టుకుంటూ వెళ్ళేది. ఏదో ఒక వరుస ఉండకపోతుందా అని చూసేది. వరుస దొరికేది కాదు.

లెక్కల్లో ఆమెది జిల్లాలోనే మొదటి స్థానం. సోఫియా విశ్వవిద్యాలయంలో చదివి, ఒక వైద్య పరిశోధన సంస్థలో గణాంకాల విభాగంలో చేరింది. మొదటి రోజే విభాగం పెద్ద ప్రొఫెసర్ మింకోవ్ పిలిచాడు. మంచి మనిషే గానీ పైవాళ్ళంటే వణుకు.

"మీరు ఆ వాగు ఊళ్ళు చూశారా?"

"అక్కడే పుట్టానండీ."

"ఇంకేం! మా డాక్టర్లని చూస్తే తలుపులేసుకుంటున్నారు. మీకైతే తీస్తారు."

అలా ఆమె బతుకు ఆ వాగు పక్క తొమ్మిది ఊళ్ళతో ముడిపడిపోయింది. తక్కినవాళ్ళు వైరస్ అన్నారు, బావి నీళ్ళన్నారు, బొగ్గు అన్నారు, వంట పాత్రల్లో సీసం అన్నారు. జోర్నిత్సా ఏమీ అనలేదు. ఇంటింటికీ ఒక కార్డు రాసింది. మొత్తం పదకొండు వందల నలభై ఇళ్ళు. కార్డుకి నలభై ఒక్క ప్రశ్నలు. ఏ బావి, పొయ్యిలో ఏం కాలుస్తారు, పశువులెన్ని, ఎవరు ఏ గదిలో పడుకుంటారు, కోడలు ఏ ఊరి నించి వచ్చింది, ఎవరు ఎప్పుడు ఊరొదిలారు. వాటితో పాటు ఒక్కొక్కరి మూత్రం సీసా.

"ఏమే నైడెన్ కూతురా!" అని గెర్గో తాత గేటు దగ్గరే అరిచాడు. "పట్నం వెళ్ళి పెద్ద చదువులు చదివి, మా ఉచ్చ ఏరుకోడానికొచ్చావా?"

"మీదొక్కటే మిగిలింది తాతా. ఇచ్చేస్తే బస్సందుకుంటా."

"ఆగు మరి. సీసాలో రాకియా ఉంది, ఆ సారా ఖాళీ చెయ్యనీ. మంచి సరుకు పారబోస్తామా ఏంటి?"

నవ్వుతూనే ఇచ్చాడు. రెండేళ్ళ తరవాత ఆయన గేటుకీ కాగితం అంటింది.

ఐదేళ్ళ పనిలో కొన్ని సంగతులు తేలాయి. ఇది రక్తంలో వచ్చేది కాదు. పైఊరి నించి వచ్చిన కోడళ్ళకి పదిహేను, ఇరవై ఏళ్ళ కాపురం తరవాత పట్టుకుంటోంది. ఊరి చివర ఉండే రోమా జిప్సీ కుటుంబాలు అవే బావుల నీళ్ళు తాగుతున్నా జబ్బు వాళ్ళ జోలికి పోవడం లేదు. అన్నిటికన్నా పెద్ద సంగతి మరొకటి. జబ్బున్న ఇళ్ళలో ఉండిపోయినవాళ్ళలో నలభై దాటిన ప్రతి ముగ్గురిలో ఒకరు పోతున్నారు. ఊరొదిలి వెళ్ళినవాళ్ళు మూడొందల తొంభై ఒక్క మంది. వాళ్ళలో కిడ్నీలతో పోయినవాళ్ళు ఇద్దరే.

ఆ పట్టిక టైపు చేసిన రోజు ప్రొఫెసర్ కుర్చీలోంచి లేచి ఆమె చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "అంటే వెళ్ళిపోతే చాలన్నమాట! కారణం దొరక్కపోయినా మనుషుల్ని కాపాడొచ్చు!"

జోర్నిత్సా ఆ కాగితం నకలు సంచీలో పెట్టుకుని, ఆ శనివారమే ఊరికి బయల్దేరింది. సంస్థకి చెప్పలేదు. తమ్ముడికి చెప్పాలి.

ఆసెన్ ఆమె కన్నా మూడేళ్ళు చిన్న. సహకార క్షేత్రంలో ట్రాక్టరు నడిపేవాడు. ఇంటి వెనక ముప్ఫై తేనెపెట్టెలు. పెళ్ళాం దెనిత్సాది ప్లెవెన్ పట్నం. నాలుగేళ్ళ కూతురు. అక్క బల్ల మీద పరిచిన కాగితాన్ని చాలాసేపు చూశాడు.

"ఇందులో నేనెక్కడున్నానక్కా?"

"ఈ గడిలో. వెళ్తే ఈ గడిలోకి వస్తావు."

"ఈ గడిలో తేనెటీగలు బతుకుతాయా?"

"ఎగతాళి కాదురా. నీకు ఇరవై ఏడు. ఇంకా టైముంది. నాన్నకి మొదలైంది ముప్ఫై ఎనిమిదిలో."

"నాకు ఇక్కడ తప్ప ఎక్కడా నిద్ర పట్టదే."

వాళ్ళమ్మ పెత్కానా అప్పటిదాకా పొయ్యి దగ్గర నిలబడి వింటోంది. వెనక్కి తిరక్కుండానే అంది. "వెళ్ళరా. అది చదువుకుంది. ఊరికే చెప్పదు."

"నువ్వు కూడా రామ్మా," అంది జోర్నిత్సా.

"నాకు యాభై దాటాయి. వచ్చేదుంటే ఎప్పుడో వచ్చుండేది. మీ నాన్న సమాధి ఎవరు చూస్తారు? మీరు వెళ్ళండి."

ఆసెన్ వెళ్ళాడు. తేనెపెట్టెలు ఇరుగు పొరుగుకి ఇచ్చేశాడు. ప్లెవెన్‌లో నాలుగో అంతస్తులో రెండు గదుల ఇల్లు, కూరగాయలు డబ్బాల్లో పెట్టే ఫ్యాక్టరీలో బాయిలర్ పని. ఒక పెట్టె దాచుకుని బాల్కనీలో పెడితే పక్కింటివాళ్ళు పోలీసుల దగ్గరికి వెళ్ళారు. అదీ పోయింది. ఉత్తరాల్లో ఎప్పుడూ ఒక్క మాట అనేవాడు కాదు. దెనిత్సా మాత్రం ఒకసారి రాసింది. "వదినా, ఈయన ఆదివారాలు బస్సెక్కి ఊరి బయట పొలాల్లో దిగి, సాయంత్రం దాకా అక్కడే కూర్చుని వస్తున్నారు. ఎవరి పొలమో కూడా తెలీదు." ఆసెన్‌ని చూసి గోర్ని లుగ్ నించి మరో పదకొండు కుటుంబాలు కదిలాయి. సొంత తమ్ముణ్ణే పంపించేసిందంటే నిజమే అయ్యుంటుందని.

ఎనిమిదేళ్ళు గడిచాయి. సెయింట్ జార్జ్ పండక్కి జోర్నిత్సా ప్లెవెన్ వెళ్ళింది. ఆసెన్ వేయించిన గొర్రెపిల్ల మాంసం కోసి అందరికీ పెడుతున్నాడు. ఆమె పళ్ళెం అందుకోడానికి చెయ్యి చాపింది. కిటికీలోంచి ఎండ సరిగ్గా అతని అరచేతి మీద పడింది.

"చేతులు కడుక్కురారా," అంది.

"కడిగానక్కా."

"మళ్ళీ కడుక్కో."

అతను ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసి, వెళ్ళి సబ్బుతో రుద్ది రుద్ది కడుక్కొచ్చాడు. రెండు చేతులూ ఆమె ముందు బల్ల మీద వెల్లకిలా పెట్టాడు. రంగు పోలేదు. వాళ్ళమ్మాయి రేడియోలో పాట పెద్దది చేసింది. దెనిత్సాకి ఏమీ అర్థం కాక, "మాంసం చల్లారిపోతోంది, తినండి," అంటోంది.

పరీక్షల్లో కిడ్నీలు ఐదో వంతు మాత్రమే పనిచేస్తున్నాయని వచ్చింది. ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఆసెన్ అడిగాడు. ఆ అడగడంలో కోపం లేదు. రైలు టైము అడిగినట్టు అడిగాడు.

"వెళ్ళిపోతే రాదన్నావు కదక్కా?"

ఆమె ఆ రాత్రి రైలే ఎక్కింది.

సోఫియా వచ్చి నేరుగా కార్డుల గదికి వెళ్ళింది. ఊరొదిలినవాళ్ళ సొరుగు తీసింది. ఒక్కొక్క కార్డూ బల్ల మీద పరుస్తుంటే పదేళ్ళ కిందటి తన చేతిరాతే ఎదురైంది. అప్పట్లో మూడొందల తొంభై ఒక్క మంది గురించి ఏ పట్నానికి వెళ్ళారో ఆ పట్నాల్లో ఎవరెక్కడున్నారో రాసి ఉంచే చిరునామా ఆఫీసులకి ఉత్తరాలు రాసింది. నూట డెబ్బై ఏడు మంది గురించి జవాబులొచ్చాయి. రెండొందల పద్నాలుగు మంది గురించి రాలేదు. పట్టికలో ఉన్నవి రెండే వరుసలు, బతికున్నవాళ్ళు, పోయినవాళ్ళు. వీళ్ళని ఎక్కడ పెట్టాలని ప్రొఫెసర్ అడిగితే, "చావు కబురు రాలేదంటే ప్రాణాలతోనే ఉండుంటారు," అంది. ఒక మధ్యాహ్నం పూట, టీ తాగుతూ, అలా అనేసింది. ఆయన తలూపాడు.

ఇప్పుడు ఆ సొరుగు ముందు నిలబడితే పసిపిల్లకి కూడా తెలిసిపోయే సంగతి తెలిసింది. బతికున్నవాడి కార్డు చిరునామా ఆఫీసులో చేతికందే పెట్టెలో ఉంటుంది. గుమాస్తా చూసి వెంటనే జవాబు రాస్తాడు. పోయినవాడి కార్డు తీసేసి అటకెక్కించేస్తారు. గుమాస్తా వెతుకుతాడు, దొరకదు, ఉత్తరం పక్కన పెట్టేస్తాడు. అంటే జవాబు రానివాళ్ళలోనే పోయినవాళ్ళు ఎక్కువ ఉండాలి. తను వాళ్ళందర్నీ తీసుకెళ్ళి బతికున్నవాళ్ళలో కలిపేసింది. ఆ కాగితం పట్టుకెళ్ళి తమ్ముణ్ణి ఊరు వదిలించింది.

ఆ రోజు చీకటి పడ్డాక కూడా ఆమె సొరుగు దగ్గరే ఉంది. కాపలా ముసలమ్మ వచ్చి, "ఒంట్లో బాలేదా అమ్మాయీ?" అని మంచినీళ్ళిచ్చింది.

కిడ్నీ ఇద్దామనుకుంది. ఆ రోజుల్లో సొంతవాళ్ళ దగ్గరే తీసుకునేవారు. రక్తం కలిసింది, అన్నీ కలిశాయి. సోఫియాలో ఆ ఆపరేషన్లు చేసే డాక్టర్ స్తామెనోవ్ ఫైలు ముందు పెట్టుకుని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు.

"మీరు పుట్టింది ఆ ఇంట్లోనే కదా?"

"అవును."

"ఎన్నేళ్ళున్నారు?"

"పద్దెనిమిది."

"అమ్మా, మీ రిపోర్టు నేను చదివాను. జబ్బున్న ఇంట్లో పదిహేనేళ్ళకి పైగా ఉన్నవాళ్ళ కిడ్నీ ఎవరికీ పెట్టొద్దని మేం రాసుకున్నది మీ పట్టిక చూసే."

"ఆ రిపోర్టులోనే, వెళ్ళిపోయినవాళ్ళకి రాదని కూడా ఉంది కదండీ?"

"ఉంది," అన్నాడు డాక్టర్. "మీ తమ్ముడు మీకన్నా ముందు వెళ్ళాడా, తరవాతా?"

"తరవాత."

"మరి వెళ్ళిపోతే రాదన్న ఆ మాట మీరు నమ్ముతున్నారా?"

నమ్ముతున్నానని అంటే ఆయన కాదనేవాడు కాదేమో. చచ్చినా అనలేకపోయింది. కలవని రక్తంతో దెనిత్సా, అదే ఇంటి గాలి పీల్చిన తల్లి, ఎవరూ పనికిరాలేదు. ఆసెన్‌కి వారానికి మూడుసార్లు డయాలసిస్ మొదలైంది.

అప్పట్నించి జోర్నిత్సాకి ఒకటే పిచ్చి పట్టుకుంది. ఆ రెండొందల పద్నాలుగు మందినీ వెతకాలి. శని ఆదివారాలు, సెలవులు, జబ్బని అబద్ధం చెప్పిన రోజులు, అన్నీ రైళ్ళలోనే గడిచాయి. పెర్నిక్, రూసె, దిమిత్రోవ్‌గ్రాద్, కార్మికుల కోసం కట్టిన ప్రతి పట్నం. రిజిస్ట్రారు ఆఫీసుల్లో గుమాస్తాలని బతిమాలి అటకలెక్కింది. ఆఫీసులో పని కాకపోతే పాత చిరునామాకి వెళ్ళి, మెట్ల దగ్గర తలుపులకి అంటించి వెలిసిపోయిన చావు కాగితాలు చదివేది. ఒకచోట ఒక ముసలావిడ చీపురుతో ఎదురొచ్చింది.

"ఎవరు కావాలి? ప్రతి తలుపూ తడుముతున్నావు!"

"ఇవాన్ లాచెవ్ అని, గోర్ని లుగ్ నించి వచ్చాడండీ."

"వాడా! పోయి ఆరేళ్ళయింది. పచ్చబడిపోయి, ఎండు కొమ్మలా అయిపోయి పోయాడు. కామెర్లన్నారు డాక్టర్లు. నువ్వేమవుతావు?"

"ఊరిదాన్నండీ."

"మరి బతికున్నప్పుడు ఎవరూ రాలేదే, ఊరివాళ్ళు?"

పట్నాల డాక్టర్లకి ఆ జబ్బు తెలీదు. కామెర్లన్నారు, రక్తహీనత అన్నారు, మూత్రనాళంలో కంతి అన్నారు. ఆ కంతి మాట చాలా కాగితాల్లో కనపడేసరికి ఆమె దానికి వేరే గుర్తు పెట్టుకుంది.

ప్లెవెన్‌లో డయాలసిస్ గదికి వెళ్ళినప్పుడల్లా ఆసెన్ అడిగేది ఒక్కటే. "ఎంతమంది దొరికారు?" ఆమె సంఖ్య చెప్పేది. "అందులో పోయినవాళ్ళు?" అదీ చెప్పేది. ఒకసారి అబద్ధం చెప్పబోతే పట్టేశాడు. "నాకు అందమైన లెక్కలు చెప్పకే అక్కా. ఒకసారి చెప్పావుగా, చాలు." అని నవ్వాడు. ఆ మాట అతను సరదాకే అన్నాడు. జోర్నిత్సా మెట్లు దిగి, కిందకొచ్చి, గోడకానుకుని నిలబడిపోయింది. లోపలికి మళ్ళీ వెళ్ళడానికి అరగంట పట్టింది.

అతను ముప్ఫై తొమ్మిదో ఏట పోయాడు. అప్పటికి నూట పంతొమ్మిది మంది దొరికారు. శవాన్ని గోర్ని లుగ్ తీసుకెళ్ళారు. తల్లి పెత్కానా ఏడవలేదు. గోధుమలు ఉడికించి పంచదార కలిపి సమాధి దగ్గర అందరికీ పంచింది. కూతురి చేతిలో పోసినప్పుడు మాత్రం, "వాణ్ణి ఇక్కడే ఉండనివ్వాల్సింది. ఆ ఎనిమిదేళ్ళయినా తేనెటీగలతో ఉండేవాడు," అంది.

వెతకడం ముగిసేసరికి నూట ఎనభై ఎనిమిది మంది ఆచూకీ తెలిసింది. అరవై ఒక్కరు పోయారు. అందులో ముప్ఫై ఎనిమిది మంది కిడ్నీలతోనో, ఆ కంతితోనో. మిగతా ఇరవై ఆరుగురు ఏమయ్యారో ఆమెకి ఎప్పటికీ తెలియలేదు. కొత్త పట్టిక చెప్పింది ఇదీ. ఊరొదిలినా వదలదు. అదేమిటో గానీ లోపలికి వెళ్ళి కూర్చుని, పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో లేస్తుంది.

ప్రొఫెసర్ మింకోవ్ దాన్ని రెండుసార్లు చదివి బీరువాలో పెట్టి తాళం వేశాడు.

"బతికున్నవాళ్ళకి ఉత్తరాలు రాద్దామండీ," అంది జోర్నిత్సా.

"రాసి ఏమంటారు? నువ్వు చస్తావు, మందు లేదు అనా?"

"కంతి ముందే కనపడితే కోసి తీసేస్తారు కదండీ. ఆరు నెలలకోసారి పరీక్ష చేయించుకోమందాం."

"త్సోకోవా గారూ! ఒకప్పుడు వెళ్ళిపోండి అన్నాం. ఇప్పుడు వెళ్ళినా లాభం లేదంటామా? పైవాళ్ళు నన్ను అడగరా? జనం గోలపెట్టరా? మీకు నిద్ర పట్టాలని ఊరందరి నిద్రా చెడగొడతారా?"

"నా నిద్ర సంగతి వదిలెయ్యండి," అంది.

సంస్థ కాగితం మీద కాదు, బడిపిల్లల నోటు పుస్తకం చింపి, తన చేత్తోనే రాసింది. బతికున్న ఆ నూట ఇరవై ఏడు మందికీ, మొదట్లోనే జవాబులొచ్చినవాళ్ళకీ, తన మాట మీద ఊరొదిలిన పదకొండు కుటుంబాలకీ ఉత్తరాలు. "నేను నైడెన్ త్సోకోవ్ కూతుర్ని. మీకు చెప్పిన లెక్క తప్పు. తప్పు నాది," అని మొదలుపెట్టి, ఏ పరీక్ష, ఎక్కడ, ఎన్నాళ్ళకోసారి అని రాసింది. సగం మంది జవాబివ్వలేదు. కొందరు తిట్టారు. రూసె నించి ఒకడు రైలెక్కి వచ్చి, సంస్థ వరండాలో అందరి ముందూ నిలబడి, "ఇల్లమ్ముకుని వెళ్ళానే నీ మాట మీద! మా ఆవిడ రోజూ నా చేతులు చూస్తోంది ఇప్పుడు! అన్నం పెడుతూ చేతులు చూస్తోంది!" అని అరిచాడు. ఆమె నిలబడి విన్నది. అతను అరిచి అరిచి అలిసిపోయాక, "పరీక్ష చేయించుకున్నారా?" అని అడిగింది. ఇద్దరూ కలిసి పక్క వీధిలో ఆస్పత్రికి వెళ్ళారు. అతనికేమీ లేదు. ఆ ఉత్తరాల వల్ల తొమ్మిది మందికి కంతులు ముందుగా దొరికాయి. ఆరుగురు బతికారు. ఆ ఆరు అంకెని ఆమె ఎప్పుడూ ఎవరికీ గొప్పగా చెప్పుకోలేదు. చెప్పకుండా రాసినందుకు ఆమెని గణాంకాల విభాగం నించి తీసి గ్రంథాలయంలో పడేశారు.

తరవాత ప్రభుత్వం మారింది, సంస్థ సగం మూతపడింది. కార్డులన్నీ చిత్తు కాగితాల లారీకి ఎత్తబోతుంటే ఆమె అడ్డం పడి, పదకొండు వందల నలభై కార్డులూ తన ఒంటిగది ఇంటికి చేర్చుకుంది. మంచం కింద, బాల్కనీలో, స్నానాల గది అటక మీద. చూడ్డానికి వచ్చినవాళ్ళు, "ఇవన్నీ ఏంటి?" అంటే, "మా ఊరు," అనేది.

ఆమెకి అరవై రెండేళ్ళప్పుడు, పింఛను మీద ఉండగా, పైదేశాల పరిశోధకులు కారణం కనుక్కున్నారని తెలిసింది. వాగు పక్క గోధుమ చేలల్లో తోడేలు యాపిల్ అనే కలుపు మొక్క మొలుస్తుంది. కోతల్లో దాని గింజలు గోధుమల్లో కలుస్తాయి. పిండిలో కలిసి ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా ఒంట్లోకి వెళ్తాయి. రొట్టె. సొంత చేను గోధుమ మర పట్టించుకుని ఇంట్లో కాల్చుకున్న రొట్టె. చేలు లేని రోమా కుటుంబాలు కొట్లో కొనుక్కుని తిన్నారు, బతికారు. ఆమె కార్డులో నలభై ఒక్క ప్రశ్నలున్నాయి. మీ చేలో ఏ కలుపు మొలుస్తుందన్న ప్రశ్న మాత్రం లేదు.

ఒక యువ డాక్టరు ఆ తొమ్మిది ఊళ్ళకీ తిరిగి చెప్పడానికి, పరీక్షలు చెయ్యడానికి బయల్దేరింది. "మీరు చెప్తే వింటారు, రండి," అని జోర్నిత్సాని పిలిచింది. ముందు రోజే ఆమె ఊరికి చేరింది. ఎనభై నాలుగేళ్ళ పెత్కానా పెరట్లో మిరపకాయలు కాలుస్తోంది. కూతురు పక్కన కూర్చుని, ఎలా మొదలుపెట్టాలో తెలీక, తిన్నగా చెప్పేసింది.

పెత్కానా మిరపకాయ తొక్క తీస్తూనే ఉంది.

"నేనూ అదే తిన్నానే?"

"అందరికీ రాదమ్మా."

"ఎందుకు రాదు?"

"ఇంకా తెలీదు."

"మీ నాన్న పిండి పిసకలేదు. ఆసెన్ పిసకలేదు. నేనే కదే పిసికింది."

"అప్పుడు నీకేం తెలుసమ్మా, ఎవరికీ తెలీదు."

ముసలావిడ చేతులు గుడ్డకి తుడుచుకుంది. "రేపు హాల్లో అందరి ముందూ చెప్పొద్దు. ఊళ్ళో ఎవరు మిగిలారో చూశావా? పదమూడు మంది ఆడాళ్ళం. అందరం ముసలాళ్ళం. అందరం మొగుళ్ళకి, పిల్లలకి పిండి పిసికి పెట్టినవాళ్ళమే. ఇప్పుడు మాకు చెప్పి ఏం చేస్తావు?"

దయ చూపించడం సుళువు. పొలంలో విషం, నీళ్ళలో విషం, ఏదో ఒకటి అనొచ్చు. కానీ కొందరు ఇళ్ళలో ఇంకా సొంత పిండే వాడుతున్నారు, వేసవికి మనవలు వస్తున్నారు.

మర్నాడు ఊరి గ్రంథాలయం హాల్లో నల్ల తలగుడ్డలు కట్టుకున్న పదమూడు మంది కూర్చున్నారు. పెత్కానా ముందు వరసలో. జోర్నిత్సా రొట్టె అనే మాటే వాడింది. పిండి అనే మాటే వాడింది. వెనక వరసలోంచి లచ్కా అనే ఆవిడ లేచింది. ఇద్దరు కొడుకుల్ని పోగొట్టుకున్న మనిషి.

"నల్లగింజ కదూ? బల్లపరుపుగా ఉంటుంది? మా అత్త ఏరమనేది. చేదొస్తుందే, ఏరవే అనేది. కోతల రోజుల్లో ఎవరికి తీరిక?" అందరి మొహాలూ ఒక్కొక్కటీ చూసింది. "ఎవరికుందమ్మా తీరిక? చెప్పండి!"

ఒకావిడ తలగుడ్డ మొహం మీదికి లాక్కుంది. పెత్కానా లేచి, కూతురి వైపు చూడకుండా, కర్ర పట్టుకుని బయటికి నడిచింది.

పన్నెండు మంది పరీక్షకి సీసాలిచ్చారు. తరవాత వాళ్ళలో ఇద్దరికి కంతి మొదట్లోనే దొరికి ఆపరేషన్ అయింది. ఆ పూటే జోర్నిత్సా పదమూడో సీసా ఖాళీగా పట్టుకుని తల్లి ఇంటికెళ్ళింది. తలుపు లోపల గడియ వేసి ఉంది.

"అమ్మా, ఇదొక్కటీ ఇవ్వవే. కారు వెళ్ళిపోతుంది."

"నాకేం వద్దు. వచ్చేదైతే నాకు రావాలి ముందు. రాలేదు. ఇంకేం చూస్తారు నాలో?"

"అమ్మా."

"నువ్వు నిజమే చెప్పావు. తప్పేం చెయ్యలేదు. వెళ్ళు."

జోర్నిత్సా గడప మీద కూర్చుంది. వీధి చివర డాక్టరమ్మ కారు హారన్ ఒకసారి మోగింది, ఇంకోసారి మోగింది. లోపల తల్లి అటూ ఇటూ నడుస్తున్న చప్పుడు, కర్ర నేల మీద తగులుతున్న చప్పుడు వినపడుతోంది. తలుపు తెరుచుకోలేదు. మూడో హారన్‌కి కూడా ఆమె లేవలేదు.